గుండీల డబ్బా

మావిస్ నాకంటే ముందే నవ్వుతుంది.
అందులో ఆమె గొప్పేం లేదు.
తెర అడుగున నల్లపట్టీ మీదికి
మాట నోరు దాటకముందే అక్షరం వచ్చేస్తుంది.
రెండేళ్లయింది ఆమె చెవులు తలుపులేసుకుని.
మిషను పెట్టుకోమంటే
"చెంచాల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు దాన్లో" అని
గుండీల డబ్బాలో పడేసింది.

శుక్రవారం. హల్ ఊరి మీద వాన,
వాననిపించుకోడానికి కూడా బద్ధకించే రకం.
ఒళ్లో చేప, చిప్సు,
వెనిగర్ తడికి మెత్తబడిన కాగితం.
హీటరుకి మూడు కడ్డీలు,
పోయిన నెల బిల్లు చూశాక
రెండే వెలిగిస్తున్నాం.

మొదట కామెడీ.
మాకు పెళ్లయిన కొత్తలోది.
బిషప్ తనిఖీకొచ్చే వేళకి
మేకను బట్టల బీరువాలో దాచిన
చర్చి గుమస్తా అవస్థ.
మేక ఎప్పుడు అరుస్తుందో నాకు తెలుసు,
ఆమెకి తెలుసు,
పక్కింటి డెరెక్ వాళ్ల పిల్లికీ తెలిసే ఉంటుంది.
అయినా, బిషప్ తన టోపీని
బీరువా పిడికి తగిలించబోతున్నాడో లేదో
మావిస్ పొట్ట పట్టుకుంది.
అప్పుడు మేక అరిచింది.
అప్పుడు నేను నవ్వాను.
మా రెండు నవ్వుల మధ్య
ఒక మనిషి పక్కకి తిరిగి దూరిపోయేంత సందు.

ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి,
ఆ సందు నాకు తెలుసు.
ముందు బస్సు జనాన్నంతా ఎక్కించుకుని పోతే
వెనకది
ప్రతి స్టాపులోనూ మర్యాదగా ఆగి
ఖాళీగా వస్తుంది.

పట్టీ మీద "ప్రేక్షకుల నవ్వు" అని వేస్తారు.
ఎలాంటి నవ్వో వెయ్యరు.
ఆ జనంలో ఒకావిడ ఉంది,
గుడ్డు పెట్టి లేచిన కోడిలా మొదలెట్టి
చివర సన్నటి ఈలతో ముగిస్తుంది.
ఇన్నేళ్లుగా సగం ఆవిడ కోసమే చూశాం.
మిసెస్ పింక్నీ అని పేరు కూడా పెట్టింది మావిస్.
ఈ రాత్రి ఉన్నట్టుండి అడిగింది,
"మిసెస్ పింక్నీ ఉందా ఇంకా?"
"ఉంది, ఇప్పుడే ఈల వేసింది" అన్నాను
పెదాలు కనపడేలా.
"అమ్మయ్య" అని
నా పొట్లంలోంచి ఒక చిప్ తీసుకుంది.

టీ అయ్యాక డాక్యుమెంటరీ.
మా తూర్పు తీరమే.
ఏటా రెండు గజాల చొప్పున
సముద్రం తినేస్తున్న మెత్తటి మట్టిగట్టు.
ఎర్రకోటు అమ్మాయి ఒకతి
గుప్పెడు మట్టి పిండి చూపిస్తోంది.
ఆమె వెనక తారురోడ్డు
మధ్యగీతతో సహా వెళ్లి వెళ్లి
గాల్లో ఆగిపోయింది.
"మన కారవాన్ పార్కు!"
ఈసారి ఇద్దరం ఒక్కసారే అన్నాం.
పట్టీ మీద ఆ సంగతేం రాసి లేదు.

డెబ్భయ్యారు ఎండాకాలం, పన్నెండో నంబరు.
అప్పట్లో మావిస్ చెవులకి
చీమ తుమ్మినా వినపడేది.
అలల హోరుకి రాత్రంతా కునుకు లేదని
తెల్లారగానే వార్డెన్ దగ్గరికి పోయి
సముద్రాన్ని కాస్త తగ్గించమంది.
ఆయన టోపీ తీసి,
మధ్యాహ్నం లోపల చెప్పి చూస్తానన్నాడు.

పన్నెండో నంబరు ఉండాల్సిన చోట ఇప్పుడు
వాలడానికేం లేక
సీగల్ ఒకటి ఎగురుతూనే ఉంది.

"గట్టు విరిగిపడిన చప్పుడు", వేశారు కింద.
ఆమె నావైపు తిరిగింది.
"ఎలా ఉంది?"
వెతుక్కున్నాను.
ఉరుము కాదు,
లారీ బొగ్గు దింపినట్టూ కాదు.
"తడిదుప్పటి నేలమీద పడేస్తావు చూడు, అలా."
"అంతేనా?"
"అంతే."
"అంత గట్టుకి!" అంది,
టికెట్ డబ్బులు వెనక్కి అడిగేలా.

దీపాలార్పి మెట్లెక్కబోతుంటే
వంటింట్లో డబ్బా గలగలమంది.
గుండీ ఊడిందేమో, ఏమో,
నేనడగలేదు.
పొద్దున టీ పెట్టేటప్పుడు
చెంచా కాస్త మెల్లగా పెట్టాలి.
గుర్తుంచుకోవాలి.